120 మెయిళ్లు, 3 జవాబులు

వరంగల్ జిల్లా నుంచి వచ్చి, హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయంలో మొక్కల జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేసిన పాఠకురాలు ఫిబ్రవరిలో నాలుగు పేజీల ఉత్తరం రాశారు. వయసు 31. భర్తది హైదరాబాద్‌లోనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పాపకు మూడేళ్లు. అక్టోబరులో థీసిస్ సమర్పించారు. ఒక పరీక్షకుడి రిపోర్టు వచ్చింది, విదేశీ పరీక్షకుడిది రాలేదు, అందుకని వైవా తేదీ తేలలేదు. మొదటి రచయితగా ఒక పేపరు అచ్చయింది, రెండోది రివిజన్‌లో ఉంది. పని వరి వేళ్ల మీద. సాంబ మసూరిలో క్రిస్పర్‌తో ఒక జన్యువును సవరించారు.

ఆర్నెల్లలో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాత చేసే పరిశోధన ఉద్యోగం) కోసం 120 మంది ప్రొఫెసర్లకు మెయిల్ పెట్టారు. జవాబిచ్చినవాళ్లు ముగ్గురు. ఒకరు డబ్బు లేదన్నారు. ఒకరు ప్రకటన వచ్చినప్పుడు వేసుకోమన్నారు. జర్మనీలో ఒక ప్రొఫెసర్ మాత్రం 'మీ పని ఆసక్తిగా ఉంది, నా దగ్గర ఇప్పుడు పొజిషన్ లేదు, కావాలంటే హంబోల్ట్ ఫెలోషిప్‌కో మేరీ క్యూరీ ఫెలోషిప్‌కో కలిసి దరఖాస్తు చేద్దాం' అన్నారు. సిఫారసు లేఖ అడిగితే గైడ్ 'నువ్వే డ్రాఫ్ట్ రాసి పంపు, సంతకం పెడతా' అంటున్నారు, ఆ సంతకానికీ నెల పడుతోంది. ఇంతలో హైదరాబాద్‌లోనే ఒక సంస్థలో ప్రాజెక్టు ఆర్‌ఏ (రీసెర్చ్ అసోసియేట్) ఉద్యోగం వచ్చింది, ఏడాదికి. పదిహేను రోజుల్లో చెప్పాలి. 'ఆర్‌ఏలో చేరితే వెనక్కి వెళ్లినట్టేనా? జర్మనీ ప్రొఫెసర్ మర్యాదకు అన్నారా, నిజంగానా? ఈ వయసులో పాపతో ఇది సాగే పనేనా? అత్తగారు ఇంకా ఎన్నాళ్లమ్మా చదువు అంటున్నారు, నా దగ్గర జవాబు లేదు' అని ముగించారు. పంపిన మెయిళ్లలో ఒకటి, సీవీ జతచేశారు.

మీ ప్రశ్నల కంటే ముందు ఆ మెయిల్ సంగతి చూద్దాం. సగం జవాబులు అందులోనే ఉన్నాయి.

మీరు 120 మెయిళ్లు పంపలేదండీ. ఒకే మెయిల్‌ను 120 సార్లు పంపారు. 'రెస్పెక్టెడ్ సర్/మేడమ్' అని మొదలవుతుంది. 'ప్రతిష్ఠాత్మకమైన మీ ల్యాబ్‌లో, మీ విలువైన మార్గదర్శకత్వంలో పనిచేసే అవకాశం' అని రెండో వాక్యం. తర్వాత పుట్టిన జిల్లా, బీఎస్సీ మార్కులు, నెట్ ర్యాంకు. అవతలి వ్యక్తి పొద్దున్నే కాఫీ తాగుతూ ఇన్‌బాక్స్ తెరిచి, ఇలాంటివి అరడజను చూసి, మొదటి వరుసలోనే పక్కకు తోసేస్తారు. 'సర్/మేడమ్' అని గీత పెట్టారంటేనే తమ పేరు కూడా చూడలేదని అర్థమైపోతుంది. ఆడ ప్రొఫెసర్‌ను 'సర్' అని రాసే మెయిళ్లు మనవాళ్ల దగ్గర్నుంచి ఎన్ని వెళ్తాయో లెక్కలేదు. 'డియర్ డాక్టర్' అని ఇంటిపేరు రాస్తే చాలు, అక్కడ అదే మర్యాద.

అసలు సరుకు మీ సీవీ మూడో పేజీలో, 'టెక్నిక్స్' అన్న శీర్షిక కింద పదకొండో వరుసలో దాక్కుని ఉంది. సాంబ మసూరి లాంటి ఇండికా వరిలో ట్రాన్స్‌ఫర్మేషన్ (కణాల్లోకి జన్యువును ఎక్కించడం) ఎంత కష్టమో ఆ రంగంలో ఉన్నవాళ్లకే తెలుసు. జపోనికా రకాల్లో నడిచే పద్ధతి సాంబ మసూరికి వచ్చేసరికి మొరాయిస్తుంది; కాలస్ (మొక్కగా మారాల్సిన కణాల ముద్ద) గోధుమ రంగుకు తిరిగి చచ్చిపోతుంది, బతికింది కూడా మొక్క కట్టదు. మీరు హార్మోన్ల పాళ్లు మార్చి, మొక్కలు మొలిపించే రీజనరేషన్ మీడియాలో పెట్టేముందు కాలస్‌ను కాసేపు ఆరబెట్టి, వందకు నాలుగైదు మొక్కలు వచ్చేచోట పదిహేను దాకా తెచ్చారట. అదీ ఒక ల్యాబ్ డబ్బు పెట్టి కొనుక్కునే పనితనం. 2025 మేలో మన రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థ జన్యు సవరణతో రూపొందించిన 'కమల' అనే డీఆర్‌ఆర్ ధన్ 100 వచ్చింది కదా, దానికి తల్లి రకం ఇదే సాంబ మసూరి, అంటే బీపీటీ 5204. బాపట్ల రకం పేరు చెబితే వరి మీద పనిచేసే ఏ ల్యాబైనా గుర్తుపడుతుంది. మీరేమో దాన్ని పదకొండో వరుసలో పెట్టి, డిగ్రీ మార్కులు పైకి తెచ్చారు.

కొత్త మెయిల్ 150 నుంచి 200 మాటలు దాటకూడదు. మొదటి వాక్యంలో వాళ్ల ఈమధ్య పేపర్లో ఒక నిర్దిష్టమైన ఫలితం, దానికి మీ పనితో సంబంధం. పొగడ్త వద్దు, ప్రశ్న కావాలి. ఉదాహరణకు: 'వేళ్ల కొనలో ఈ జన్యువు ఆక్సిన్‌కు స్పందించదని మీరు జపోనికా రకంలో చూపారు. అదే జన్యువును నేను సాంబ మసూరిలో సవరిస్తే పార్శ్వ వేళ్లు తగ్గాయి. తేడా రకం వల్లా, నీటి ఎద్దడి వల్లా అన్నది తేల్చాలని ఉంది.' రెండో పేరాలో మీరు చేతితో చేయగలిగినవి మూడే మూడు. చివర ఒకే ప్రశ్న: జీతం ఎక్కణ్నుంచి అని. అటాచ్‌మెంట్ ఒక్కటే, రెండు పేజీల సీవీ, పీడీఎఫ్‌లో, ఫైల్ పేరులో మీ పేరు ఉండాలి. 'న్యూ సీవీ ఫైనల్ 3' అన్న పేరుతో కాదు.

ఇలాంటిది ఒకటి రాయడానికి మూడు నాలుగు గంటలు పడుతుంది, వాళ్ల రెండు పేపర్లు చదవాలి కాబట్టి. వారానికి నాలుగైదు మించవు. జవాబు రాకపోతే పది పన్నెండు రోజులకు అదే మెయిల్ కింద రెండు వాక్యాలతో గుర్తుచేయండి, ఒక్కసారి. ఆ తర్వాత వదిలేయాలి.

ఇక జీతం సంగతి. మీ ఉత్తరం మొత్తంలో ఎక్కడా లేనిది ఇదే. పోస్ట్‌డాక్ అంటే యూనివర్సిటీలో ఖాళీగా ఉన్న సీటు కాదు. ఆ ఏడాది ఆ ల్యాబ్ దగ్గర ఒక మనిషి జీతానికి సరిపడా డబ్బు ఉండాలి, లేదా ఆ డబ్బు మీరే తేవాలి. ఇది తేలకుండా మెయిల్ పెట్టడం గాలిలో దీపం పెట్టడమే. డబ్బు మూడు దారుల్లో వస్తుంది. ప్రకటించిన ఉద్యోగం ఒకటి. ప్రొఫెసర్ చేతికి గ్రాంట్ వచ్చింది, ప్రకటన ఇంకా రాలేదు, అది రెండోది. మీరు ఫెలోషిప్ గెలిచి వెళ్లడం మూడోది. మూడింటికీ మెయిల్ వేరు, క్యాలెండర్ వేరు.

ప్రకటించినవి యూరప్‌లో యూరాక్సెస్, బ్రిటన్‌లో జాబ్స్ డాట్ ఏసీ డాట్ యూకే, నేచర్ కెరీర్స్ వంటి చోట్ల వస్తాయి. వాటికి మెయిల్ పెట్టి లాభం లేదు, పోర్టల్లోనే వేయాలి. ప్రకటనలో 'తప్పనిసరి', 'ఉంటే మంచిది' అని రెండు జాబితాలు ఇస్తారు. బ్రిటన్‌లో అయితే మొదటి జాబితాలోని ఒక్కో అంశానికీ మార్కులు వేసుకుంటూ చదువుతారు. కవర్ లెటర్‌లో ఆ వరుసలోనే, ఒక్కోదానికి ఒక్క ఉదాహరణతో జవాబు ఇవ్వాలి. ఎంత బాగా రాసినా, వరుస తప్పితే మార్కు పోతుంది.

ఎక్కువమంది వదిలేసేది రెండో దారిని. గ్రాంట్లు రహస్యం కావు. అమెరికాలో ఎన్‌ఐహెచ్ రిపోర్టర్, ఎన్‌ఎస్‌ఎఫ్ అవార్డ్ సెర్చ్, యూరోపియన్ యూనియన్‌కు కార్డిస్, జర్మనీకి గెప్రిస్, బ్రిటన్‌కు గేట్‌వే టు రీసెర్చ్. అన్నీ గ్రాంట్ల డేటాబేసులే, ఉచితంగా వెతుక్కోవచ్చు. 'వరి', 'వేరు', 'కరువు' అన్న మాటలు ఇంగ్లీషులో కొట్టి, మొదలైన తేదీ, ముగిసే తేదీ చూడండి. గత ఆర్నెల్లలో మొదలైన గ్రాంట్ ఉన్నవాళ్లకు మనుషులు కావాలి. వచ్చే ఏడాది ముగిసే గ్రాంట్ ఉన్నవాళ్లకు ఎంత మంచి మెయిల్ రాసినా డబ్బు లేదనే అంటారు, అది అబద్ధం కాదు. యూరోపియన్ రీసెర్చ్ కౌన్సిల్ స్టార్టింగ్ గ్రాంట్ల ఫలితాలు సాధారణంగా సెప్టెంబరులో వస్తాయి. ఐదేళ్లకు 15 లక్షల యూరోల దాకా ఉంటుంది. గెలిచినవాళ్లు కొత్తగా గ్రూపు కట్టుకుంటున్న యువ శాస్త్రవేత్తలు, ఒక్కొక్కరు ముగ్గురు నలుగుర్ని తీసుకోవాలి. ఆ జాబితా ప్రకటించిన వారంలో వెళ్లే మెయిల్‌కూ, మామూలు మెయిల్‌కూ పోలికే ఉండదు. మీ 120 మందిలో ఎక్కువమంది పెద్ద పేర్లే. పెద్ద పేరు ఉన్నచోట క్యూ పెద్దది. నిన్నమొన్న ల్యాబ్ తెరిచిన అసిస్టెంట్ ప్రొఫెసర్ ఒక్కరూ మీ జాబితాలో లేరు.

మూడో దారికి వస్తే జర్మనీ ప్రొఫెసర్ దగ్గరికి వచ్చినట్టే. ఆ జవాబును మీరు 'మర్యాదగా కాదన్నారు' అని రాసుకున్నారు. కాదండీ, కాదనేవాళ్లు జవాబే ఇవ్వరు. అయితే ఆ మాట వల్ల ఆయనకు పోయేది కూడా ఏమీ లేదు. మీరు గెలిస్తే ఖర్చు లేని మనిషి దొరుకుతుంది, ఓడితే పోయింది మీ మూడు నెలలు. అందుకని నిజమో కాదో చిన్న పనితో తేల్చుకోవాలి. ఒక పేజీ ఆలోచన రాసి పంపండి: ప్రశ్న, మూడు ప్రయోగాలు, వాళ్ల ల్యాబ్‌లో ఉన్నదేమిటి, మీరు తెచ్చేదేమిటి. అరగంట వీడియో కాల్ అడగండి. ఆ పేజీ మీద ఎర్ర గీతలు పెట్టి వెనక్కి పంపితే ఆయన నిజంగా ఉన్నారు. 'బాగుంది, వేసేయండి' అని ఒక్క ముక్క వస్తే, మీరు ఒంటరిగా రాసుకోవాల్సిన దరఖాస్తు అది. రెండు వారాలు దాటినా ఏమీ రాకపోతే మరొకరిని చూసుకోండి.

ఏ ఫెలోషిప్ అన్నది మీ వైవా తేదీని బట్టి ఉంటుంది. మేరీ క్యూరీ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్‌కు ఏటా సెప్టెంబరులో గడువు. ఆ రోజుకి వైవా నెగ్గి ఉండాలి. డిగ్రీ కాగితం చేతికి రాకపోయినా ఫరవాలేదు, వైవా మాత్రం అయిపోవాలి. పీహెచ్‌డీ తర్వాత 8 ఏళ్లలోపు పరిశోధనానుభవం ఉన్నవారు అర్హులు, కాబట్టి 31 ఏళ్లన్నది అక్కడ ప్రశ్నే కాదు, వయసు అడగరు. గడువుకు ముందటి 36 నెలల్లో ఆ దేశంలో 12 నెలలకు మించి ఉండకూడదు, మీకు ఆ చిక్కూ లేదు. ప్రధాన భాగం పది పేజీలు: శాస్త్రానికి 50 శాతం మార్కులు, ప్రభావానికి 30, అమలుకు 20. మనవాళ్లు ఎనిమిది పేజీలు సైన్సే రాసి, మిగతా రెంటినీ చివరి రాత్రి కుక్కేస్తారు. సగం మార్కులు అక్కడున్నాయని గుర్తుంచుకోరు. 2025లో 17 వేలకు పైగా దరఖాస్తులు వచ్చాయి, అంతకుముందు ఏడాది పది వేల చిల్లర. దొరికే అవకాశం ఇప్పుడు దాదాపు పదిమందిలో ఒకరికి. మరీ తక్కువ మార్కులు వస్తే మరుసటి ఏడాది అదే సంస్థతో మళ్లీ వేయనివ్వరు, కాబట్టి ప్రయత్నిద్దాం పోయేదేముంది అనుకోవడం తప్పు. ఫలితం ఫిబ్రవరిలో. అంటే ఈ సెప్టెంబరుకి వేస్తే మీరు విమానం ఎక్కేది వచ్చే వేసవికి. ఇంకో మాట, దీనికి సిఫారసు లేఖలు అడగరు. మీ గైడ్ చిక్కు ఇక్కడికి రాదు.

హంబోల్ట్‌కు గడువు లేదు, ఎప్పుడైనా వేయొచ్చు. ఎంపిక కమిటీ ఏడాదికి మూడుసార్లు కూర్చుంటుంది. పీహెచ్‌డీ అయి 4 ఏళ్లు దాటకూడదు. సిఫారసు లేఖలు కావాలి, ఆతిథ్యమిచ్చే ప్రొఫెసర్ వివరంగా రాయాలి. వెంట వచ్చే భర్తకు, పాపకు అదనపు భత్యం ఉంటుంది. జీవశాస్త్రమే కాబట్టి ఎంబో (యూరోపియన్ మాలిక్యులర్ బయాలజీ ఆర్గనైజేషన్) ఫెలోషిప్ కూడా చూడండి: పీహెచ్‌డీ అయిన రెండేళ్లలోపే వేయాలి, మొదటి రచయితగా ఒక పేపరు ఉండాలి, మీకుంది. డిగ్రీ లేకుండానే వేయొచ్చు, చేరేనాటికి వస్తే చాలు. ఈ రెండేళ్ల కిటికీ మూసుకుంటే మళ్లీ తెరుచుకోదు కనుక మీ వరుసలో దీన్ని ముందు పెడతాను.

జర్మనీలో ఫెలోషిప్‌కూ ఉద్యోగ ఒప్పందానికీ ఉన్న తేడా పాప ఉన్న మీకు తెలియాలి. యూనివర్సిటీ ఉద్యోగమైతే, మామూలుగా టీవీ-ఎల్ ఇ13 అనే జీతాల స్కేలు, ప్రభుత్వ ఆరోగ్య బీమాలో సంపాదన లేని భర్త, పాప అదనపు ప్రీమియం లేకుండా చేరతారు. స్టైపెండ్ అయితే మీరు ఉద్యోగి కారు. చాలామంది ప్రైవేటు బీమా తీసుకోవాల్సి వస్తుంది, తలకింత అని కట్టాలి, పెన్షన్ జమ కాదు. హంబోల్ట్ స్టైపెండే. మేరీ క్యూరీ ఉద్యోగ ఒప్పందం. కాకపోతే మేరీ క్యూరీ పేజీలో కనిపించే అంకె చేతికొచ్చే జీతం కాదు, యజమాని వాటా, పన్నులు అందులోంచే పోతాయి. దాన్ని చూసి ఇంట్లో ఈఎంఐ లెక్కలు వేయకండి. పరిశోధకుల వీసాపై వెళ్లిన వారి భర్తకు అక్కడ ఉద్యోగం చేసుకునే అనుమతి ఉంటుంది, జర్మన్ పరీక్ష ముందే పాసవ్వాలన్న షరతు ఉండదు. మీవారిది సాఫ్ట్‌వేర్ కాబట్టి ఇది చిన్న విషయం కాదు, ఇద్దరూ కలిసి చూడండి.

అమెరికా గురించి రెండు ముక్కలు, మీ 120లో సగం అక్కడికే వెళ్లాయి కనుక. 2025 నుంచి ఫెడరల్ గ్రాంట్లకు కోతలు, ఆగిపోవడాలు ఎక్కువయ్యాయి. ఆ జవాబు రాకపోవడంలో మీ తప్పు కొంతే. దొరికితే జే-1 (ఎక్స్ఛేంజ్ విజిటర్ వీసా) మీద వెళ్తారు. యూనివర్సిటీ డీఎస్-2019 అనే పత్రం పంపుతుంది, మీరు 220 డాలర్ల సెవిస్ ఫీజు కట్టి వీసాకు వెళ్తారు. జే-2 మీద వచ్చే భర్త వర్క్ పర్మిట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. మీరు హెచ్-1బీ ఉద్యోగ వీసా మీద వెళ్తే భర్తకు వచ్చే హెచ్-4లో మొదట్లో అదీ ఉండదు. జే-1 ముగిశాక రెండేళ్లు స్వదేశంలో ఉండి తీరాలన్న నిబంధన నైపుణ్యాల జాబితా కింద భారతీయులను చాలా ఏళ్లు పట్టుకుంది. 2024 డిసెంబరులో ఆ జాబితా నుంచి భారత్‌ను తీసేశారు. అయితే ప్రభుత్వ నిధులతో వెళ్తే ఆ షరతు ఇప్పటికీ పడుతుంది. హెచ్-1బీ ఇస్తామంటే అడగండి, ఎవరు కడతారని: 2025 సెప్టెంబరులో బయటి దేశాల నుంచి కొత్తగా పిలిపించే హెచ్-1బీకి లక్ష డాలర్ల రుసుము పెట్టారు. ఇంతకీ ఆఫరే లేదు కాబట్టి, ఆలు లేదు చూలు లేదు అన్నట్టు వీసా చర్చ ఇక్కడికి ఆపుదాం.

వైవా. అక్టోబరు నుంచి ఫిబ్రవరికి నాలుగు నెలలు. యూజీసీ 2022 పీహెచ్‌డీ నిబంధనల ప్రకారం థీసిస్ సమర్పించినప్పటి నుంచి వైవా ఫలితం దాకా ఆర్నెల్లలో ముగించాలి. ఆ వాక్యం ఎత్తిచూపుతూ, తగవు స్వరం లేకుండా, పరీక్షల విభాగానికి గైడ్ ద్వారా ఒక ఉత్తరం పెట్టండి: రిమైండర్ పంపమని, ఫలానా తేదీలోగా రాకపోతే ప్యానెల్‌లో తర్వాతి పేరుకు పంపమని. ఇన్‌వార్డ్ నంబరు తీసుకోండి. మనదగ్గర ఫైలు దానంతటది కదలదు, వారానికోసారి వెళ్లి పలకరించాలి. ఆగస్టు చివరికి వైవా కాకపోతే ఈ ఏడాది మేరీ క్యూరీ పోయినట్టే.

ఆ ఆఫీసుకు వెళ్లినప్పుడే మీ పేరు చూసుకోండి. పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంటిపేరు పొడి అక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా, పేపర్లో మళ్లీ ఇంకోలా. మీ సీవీలోనే రెండు రకాలుగా ఉంది. విదేశీ యూనివర్సిటీ హెచ్‌ఆర్‌కు 'కే' అన్న అక్షరం ఒక ఇంటిపేరని తెలియదు. ఒప్పందం దగ్గర ఇది మూడు వారాలు తింటుంది. పీహెచ్‌డీ పట్టాలో పాస్‌పోర్టులో ఉన్నట్టే పడేలా చూసుకోండి, ఓర్కిడ్ ఐడీ (పరిశోధకులకిచ్చే ప్రత్యేక నంబరు) తీసుకుని రెండు పేపర్లూ దానికి కలపండి.

గైడ్ లేఖ విషయంలో మీ కోపం అర్థమవుతోంది. 'నువ్వే రాసుకో' అనడం మనదగ్గర ఎంత మామూలైనా, అలా రాసుకున్న లేఖ మీ కవర్ లెటర్‌కు కవల పిల్లలా ఉంటుంది, చదివేవాళ్లు పట్టేస్తారు. కాదని ముఖం మీద చెప్పనూ లేరు. మధ్యేమార్గం ఉంది. డ్రాఫ్ట్ బదులు ఒక పేజీ వివరాల కాగితం ఇవ్వండి: ఏ నెలలో ఏం చేశారు, ట్రాన్స్‌ఫర్మేషన్ ఏడాది పాటు ఫెయిలైనప్పుడు ఏం మార్చారు, జూనియర్లకు ఏం నేర్పారు, గడువు తేదీలు, ఏ లింకులో అప్‌లోడ్ చేయాలి. విశేషణాలు ఒక్కటీ వద్దు. మూడు వారాల ముందు ఇచ్చి, వారం ముందు గుర్తుచేయండి. లేఖ ఆయన యూనివర్సిటీ మెయిల్ నుంచే వెళ్లాలి. జీమెయిల్ నుంచి వెళ్తే కొన్ని పోర్టల్స్ తీసుకోవు. లేఖ రాసే మిగతా ఇద్దరి విషయంలో మీకు స్వేచ్ఛ ఉంది. పెద్ద హోదా ఉన్నవారి కర్ర విరగని, పాము చావని లేఖ కంటే, మీ డాక్టోరల్ కమిటీలో మీ ప్రయోగాలు చూసి తలపట్టుకున్న సభ్యుడి లేఖ విలువైంది. అడిగేటప్పుడు 'రాస్తారా' అనకండి, 'బలంగా రాయగలరా' అనండి. తటపటాయిస్తే అదే జవాబు.

ఇప్పుడు ఆర్‌ఏ. జర్మనీకైనా మరోచోటికైనా ఏడాదికి తక్కువ పట్టదని పై లెక్కలు చెబుతున్నాయి. ఆ ఏడాది ఎలా గడపాలన్నదే మీ ముందున్న అసలు ప్రశ్న. చేరితే 2023 సవరణ ప్రకారం ఆర్‌ఏ-1కి నెలకు 58 వేలు, పైన హెచ్‌ఆర్‌ఏ. ఖాళీ లేని సీవీ. అన్నిటికంటే ముఖ్యం, గైడ్ కాని ఒక సీనియర్ మీ పనిని దగ్గర్నుంచి చూస్తారు, వచ్చే ఏడాదికి మూడో లేఖ అక్కడే పుడుతుంది. ఖరీదు కూడా ఉంది. ప్రాజెక్టు వాళ్లది, మీ రివిజన్ పేపర్ సాయంత్రాలకు జరిగిపోతుంది, ఇంట్లో మూడేళ్ల పాప. రివిజన్ గడువు దాటి పేపరు జారిపోతే ఆర్‌ఏ ఇచ్చినదంతా అక్కడ పోతుంది. కాబట్టి చేరేముందు ప్రాజెక్టు నడిపే ప్రిన్సిపల్ ఇన్వెస్టిగేటర్‌తో మూడు విషయాలు మాట్లాడండి: రివిజన్ అయ్యేదాకా వారంలో ఒక పూట, ఈ ప్రాజెక్టులో ఏ పేపర్లో మీ పేరు ఎక్కడ, మధ్యలో వెళ్లాల్సి వస్తే ఎన్ని రోజుల నోటీసు. ఫెలోషిప్‌లకు వేస్తున్నానని దాచకండి. తర్వాత తెలిస్తే లేఖ పోతుంది.

చేరకపోతే నాలుగు నెలల్లో పేపరు, రెండు ఫెలోషిప్‌లు పూర్తి చేయగలరు, ఇంటి ఖర్చు ఒక్క జీతంతో నడిస్తే. కానీ రెండూ రాకపోతే ఫిబ్రవరిలో చేతిలో ఏమీ ఉండదు. నన్నడిగితే ఆర్‌ఏ వెనకడుగు కాదంటాను, ఆ మూడు షరతుల్లో మొదటిదానికి ఒప్పుకుంటేనే. ఒప్పుకోకపోతే నా మొగ్గు మారుతుంది.

ఇక్కడే ఉండి చేయదగ్గది ఇంకోటుంది: పరిశోధనకు నిధులిచ్చే కేంద్ర సంస్థ ఏఎన్‌ఆర్‌ఎఫ్ (పాత ఎస్‌ఈఆర్‌బీ) ఇచ్చే నేషనల్ పోస్ట్‌డాక్టోరల్ ఫెలోషిప్. వయోపరిమితి 35, మహిళలకు ఐదేళ్ల సడలింపు, రెండేళ్ల కాలం, థీసిస్ సమర్పించినవారు కూడా వేయొచ్చు. ఇది వస్తే డబ్బు మీ పేరు మీద ఉంటుంది, ప్రాజెక్టు ఆలోచన మీది. ఆర్‌ఏకూ దీనికీ ఆ తేడా పెద్దది. ప్రకటన ఎప్పుడొస్తుందో కనిపెట్టుకుని ఉండాలి, వచ్చాక సమయం తక్కువ ఇస్తారు. ఆ ఒక పేజీ ఆలోచన ఇక్కడా పనికొస్తుంది. హైదరాబాద్ చుట్టుపక్కల విత్తన కంపెనీల్లో ట్రాన్స్‌ఫర్మేషన్ తెలిసినవారికి గిరాకీ ఉంది, అదీ ఒక గౌరవమైన దారే. కానీ మీ ఉత్తరంలో ఆ ఆశ ఎక్కడా కనబడలేదు కాబట్టి వివరించను.

అత్తగారికి తేదీలున్న జవాబు ఇవ్వొచ్చు: ఏడాది ఇక్కడ ఉద్యోగం, వచ్చే మార్చికి తేలిపోతుంది, వస్తే రెండేళ్లు. 'చదువు' అన్న మాట మాత్రం మీరే సరిదిద్దాలి. ఇది జీతమొచ్చే ఉద్యోగం, ఇంట్లో ఆ మాట వాడుకలోకి రావాలి. ఇంటర్వ్యూల్లో పాప గురించి మీరు చెప్పనక్కర్లేదు. ఆఫర్ చేతికొచ్చాక డేకేర్ సంగతి అడగండి. జర్మన్ నగరాల్లో సీటుకు నెలల తరబడి నిరీక్షణ ఉంటుంది, ఆ పని యూనివర్సిటీ కుటుంబ సేవల ఆఫీసుతో ముందే మొదలుపెట్టాలి. ఆ ల్యాబ్ వదిలి వెళ్లిన పోస్ట్‌డాక్‌లు ఇద్దరితో విడిగా మాట్లాడండి, ఎంత కాలానికి పేపరు వచ్చింది, వెళ్లేటప్పుడు ప్రాజెక్టులో ఏం వెంట తీసుకెళ్లనిచ్చారు అని. ల్యాబ్‌లో ఉన్నవాళ్లు నిజం చెప్పలేరు.

ఒక సంగతి మీ ఉత్తరంలో రెండో పేజీ అంచున, చిన్న అక్షరాల్లో ఉంది. జర్మనీ ప్రొఫెసర్ మెయిల్ వచ్చి పద్దెనిమిది రోజులైంది, మనసు నొచ్చుకుని మీరు జవాబు ఇవ్వలేదు. ఆర్‌ఏ సంగతి తేలడానికి ఇంకా రోజులున్నాయి, ఇది మాత్రం ఇవాళే. నాలుగు వాక్యాలు చాలు: ఆలస్యానికి మన్నించమని, హంబోల్ట్, ఎంబోలకు సిద్ధంగా ఉన్నానని, వైవా ఆగస్టులోపు అవుతుందని ఆశిస్తున్నా, అయితే మేరీ క్యూరీకి కూడా అని, వచ్చే శుక్రవారానికి ఒక పేజీ ఆలోచన పంపుతాను, ఆ తర్వాతి వారంలో అరగంట వీలవుతుందా అని.